పలకరించని దాన్ని

ట్రంకురోడ్డు మీద నన్ను పొగరుబోతనుకునే వాళ్ళు
చాలామందే ఉంటారు.
ఆస్పత్రిలో గంటసేపు చెయ్యి పట్టుకుని మాట్లాడిన మనిషి
కూరగాయల అంగట్లో పక్కనే నిలబడి
బెండకాయలు విరిచి చూసుకుంటా పోతుంది,
ఎవరో ఎరగనట్టు.

నిజమే. ఎరగనట్టుండడమే నా ఉద్యోగంలో సగం.

పద్నాలుగో నంబరు గది నాది.
ఎక్స్‌రే దాటాక, మెట్ల కింద.
ఒక బల్ల, రెండు కుర్చీలు, ఆకుపచ్చ గుడ్డ కట్టిన కిటికీ,
మూలన ఇనప బీరువా.
దాని తాళంచెవి నా మంగళసూత్రం పిన్నీసుకే వేలాడుతుంది.
బీరువాలో నంబర్లుంటాయి.
పేర్లు మాత్రం నా తలలో.
దానికి తాళం ఎవరూ చేసివ్వలేదు.

చేరిన కొత్తల్లో
కలిగిరి బస్సులో ఒకామె కనబడింది.
కాస్త ఒళ్ళు చేసింది, చెంపలు నిండినాయి.
సంతోషం పట్టలేక
"మందులు సక్రమంగా ఏసుకుంటుండావు గదా!" అన్నాను.
పక్కసీట్లో ఆమె తోడికోడలు.
"ఏం మందులక్కా?"
అంతే. అంత చిన్న ప్రశ్న.

ఆమె మళ్ళీ మా గదికి రాలేదు.
నెల్లూరు పోతుందేమో, ఒంగోలు పోతుందేమో అనుకున్నాను.
అనుకోవడం చౌక.
కార్డు మీద గళ్ళు ఖాళీగానే ఉండిపోయాయి.
కొత్త బీరువా వచ్చినప్పుడు
పాతవన్నీ కట్టగట్టి పైకి పంపించారు.
ఆ ఒక్క కార్డు మాత్రం
నా చేత్తోనే కొత్తదాని అడుగు అరలో పెట్టుకున్నాను.

చెప్పాలనుకున్నది ఇది కాదు, వేరే.

మా వీధిలో చెంచమ్మ పిన్ని.
మొన్న ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం వచ్చి
గడప మీద కూర్చుని చెంగుతో విసురుకుంటా,
"సిస్టరమ్మా, రొయ్యల మేత లారీ తోల్తాడే మాలకొండయ్య,
ఆ పిలగాడు ఎట్టాంటోడు?
మా సుగుణకు అడుగుతుండారు.
మీ ఆస్పత్రికాడ కనబడతాడంట గదా?"

నా చేతిలో మజ్జిగ గ్లాసు.
"ఆస్పత్రికి ఊరంతా వస్తుంది పిన్నీ,
నేనెవర్నని చూసేది" అన్నాను.
ఆమె తాగి వెళ్ళిపోయింది.
గ్లాసు కడిగాను. మళ్ళీ కడిగాను.
సుగుణ రోజూ పొద్దున మా కుళాయి దగ్గరే బిందె దించుతుంది.
ఆ రాత్రి తుమ్మలపెంట గాలి కూడా ఇటు రాలేదు.

శుక్రవారం అతను వచ్చాడు.
నెలకు సరిపడా డబ్బా బల్ల మీద పెట్టి
పైన నా చెయ్యి అట్టే ఉంచాను.
తెలిసి ఉంచానో, తెలియక ఉంచానో.

"సుగుణకు చెప్పాల నువ్వు."
"చెప్తే పెళ్ళి పోతుందక్కా."
"పోవచ్చు.
ఇక్కడికే తీసుకురా. పక్కన కూర్చుంటా.
ఏదడిగినా ఉన్నదున్నట్టు చెబుతా.
నువ్వు చెప్పకపోతే డాక్టరమ్మ చెబుతుంది.
అదీ నీకు చెప్పే చేస్తుంది, నీ వెనకమాల కాదు."

అతను నా చెయ్యి వంకే చూస్తున్నాడు.
"చెప్పకపోతే మందు ఆపేస్తారా?"

పెనం తగిలినట్టు చెయ్యి తీసేశాను.
"మందు నీది అబ్బయా.
దానికీ దీనికీ ముడి లేదు.
పుచ్చుకుని పో."

పోయాడు. డబ్బా జేబులో పట్టక
చొక్కా కింద దోపుకుని.

మూడో శుక్రవారం
టీబీ గదిలోంచి ఒక కుర్చీ ఎరువు తెచ్చాను.

ఆ మూడు కుర్చీల నడుమ ఏం జరిగిందో
మీకు చెప్పను.
ఎవరు ఏడ్చారో, ఎవరు ముందు లేచారో,
చెంచమ్మ పిన్ని ఇప్పుడు మా గడప తొక్కుతుందో లేదో
అదీ చెప్పను.
జబ్బు పేరు రాయలేదు, చూశారుగా.
మాలకొండయ్య మాలకొండయ్య కాదు,
సుగుణ సుగుణ కాదు,
తోలేది లారీయో ఆటోనో నాకు తెలిస్తే చాలు.

ఊరి పేరొక్కటే మార్చలేదు.
కావలి.